కోటగోడల చర్చి, మా పక్క గేటు

ఆ ఏడాది నవంబరు నెలంతా మేము చాప వేసుకుని కింద కూర్చునే అన్నం తిన్నాం. భోజనాల బల్ల మీద చర్చి ఉంది.

మా అమ్మాయి అప్పుడు ఇంటి నుంచే రోజూ రాయపూర్ వెళ్లి ఆర్కిటెక్చరు చదివేది. పాత కట్టడం ఒకటి ఎంచుకుని, దానికి అట్టతో నమూనా చేసి, క్లాసులో వివరించాలని కాలేజీలో చెప్పారట. తోటిపిల్లలు చుట్టుపక్కల కోటలూ గుళ్లూ ఎంచుకుంటే మా పిల్ల ఎక్కడో రొమేనియా దేశంలో, కొండల మధ్య పల్లెల్లో కట్టిన కోటగోడల చర్చిని పట్టుకుంది. ఆదివారం తప్ప మిగిలిన రోజుల్లో అది గుడిలా కనబడదు. చుట్టూ ఏనుగు ఎత్తు గోడ, మూలమూలకూ బురుజు, కిటికీలుండాల్సిన చోట బాణం పట్టేంత సందులు. గంట గోపురం పైన చెక్కతో కట్టిన వసారా, అందులో కావలివాళ్లు. గోడ పైభాగంలో కిందికి తెరుచుకునే కన్నాలున్నాయి. పైకి ఎక్కబోయే శత్రువుల మీద వాటిలోంచి సలసల కాగే తారు పోసేవారట.

"మమ్మీ, హాథ్ మత్ లగానా, గమ్ము ఆరలేదు" అనేది నేను దగ్గరికి వెళ్లినప్పుడల్లా.

దాన్ని ముట్టుకోకుండా ఉండడం నాకు కష్టంగా ఉండేది. చిన్నప్పటి నుంచి ప్రార్థనలో "మా కోటా, మా ఆశ్రయదుర్గమా" అని దేవుణ్ణి పిలుస్తూ పెరిగినదాన్ని. ఆ మాటలు నోటికి అలవాటైపోయాయి గానీ వాటికి రాళ్లూ సున్నమూ ఉంటాయని ఎన్నడూ ఊహించలేదు. ఇక్కడ మనుషులు ఆ మాటను నిజంగానే కట్టేశారు. లోపలి బలిపీఠం ఎంతుందో చూడాలని వంగితే కనబడలేదు. గోడలు అంత మందంగా ఉన్నాయి.

అది చూసి నేను అంతగా కదలడానికి ఇంకో కారణం ఉంది. ఆ రోజుల్లోనే మా గుడికి గోడ లేపాలని సంఘం తీర్మానం చేసింది. నేనూ చెయ్యెత్తాను.

మాది సెక్టర్ 6 అంచున, నాలా పక్కన ఉన్న చిన్న తెలుగు క్రైస్తవ సంఘం. మా నాన్నగారి తరం వాళ్లు శ్రీకాకుళం, విశాఖ వైపుల నుంచి ఉక్కు ప్లాంటు పనికి వచ్చి, షిఫ్టు దిగి సైకిళ్ల మీదనే ఆరాధనకు వచ్చేవారు. అప్పుడు కట్టిన ప్రహరీ నా నడుమెత్తు ఉండేది. పిల్లలు దూకేవారు, మేకలు దూకేవి, ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు.

అంతకు కొన్ని నెలల ముందు దగ్గరి ఊరు కుమ్హారిలో, మా సంఘానికి చెందిన ఒక కుటుంబం అద్దెకున్న ఇంట్లో పసిబిడ్డ పుట్టినరోజు ప్రార్థన పెట్టుకున్నారు. మా ఆయన సంఘం సెక్రటరీ కాబట్టి వెళ్లారు. ప్రార్థన మధ్యలో ఎవరో కొందరు వచ్చి తలుపు బాదారు, కేకలేశారు. ఆ గదికి ఉన్నది ఒకే తలుపు. పిల్లలు మంచం కిందికి దూరి ఏడ్చారు. చివరికి ఇంటి యజమాని వచ్చి వాళ్లతో ఛత్తీస్‌గఢీలో ఏదో చెప్పి పంపేశాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు, కాబట్టి ఏమీ జరగలేదని చెప్పుకోవచ్చు. కానీ మా ఆయన జీవితమంతా ప్లాంటులో వెల్డింగు చేసిన మనిషి. నిప్పురవ్వల కింద పడుకుని పనిచేసి వచ్చి నవ్వుతూ టిఫిన్ డబ్బా ఇచ్చిన మనిషి. ఆయన ఇంటి గడియ వేసి, మళ్లీ లేచి వెళ్లి అది పడిందో లేదో చూసుకోవడం మొదలుపెట్టారు. దాని గురించి నేను అడగలేదు. గోడ కావాలని ఆయన కమిటీలో అన్నప్పుడు నాకు ఆ గడియే గుర్తొచ్చింది, చెయ్యెత్తాను. సండే స్కూల్లో పిల్లలకు కూలిన యెరూషలేము ప్రాకారాలను మళ్లీ లేపినవాళ్ల కథే చెప్పాను. ఒక చేత్తో పని, ఇంకో చేత్తో ఆయుధం. మగపిల్లలకు ఆ పాఠం ఎంతో నచ్చింది.

తీర్మానంలో రెండో మాట కూడా ఉంది. గోడ లేపేటప్పుడు వెనకున్న పక్క గేటును పూర్తిగా మూసెయ్యాలి.

ఆ గేటు అవతల ఒక్క ఇల్లే ఉంది. అందులో వదిన ఉంటుంది. మాకు చుట్టం కాదు. విజయనగరం వైపు వాళ్లు, ఇంట్లో అమ్మవారి పటం, మంగళవారం ఉపవాసం. మా ఆయనను అన్నయ్యా అంటుంది, అలా నాకు వదినైంది. భర్త ప్లాంటులోనే పనిచేసేవాడు. పిల్లల్లేరు. ఆయన పోయాక లీజుకు తీసుకున్న ఆ క్వార్టరులో ఒక్కతే ఉంటోంది.

క్రిస్మస్ రోజుల్లో సంఘమంతా కలిసి తినే మా ప్రేమవిందు వంట జరిగేది ఆవిడ పెరట్లోనే.

మా ఆడవాళ్లకు పిడికెడు బియ్యం అలవాటు ఉంది. అన్నానికి బియ్యం కొలిచిన ప్రతిసారీ ఒక పిడికెడు తీసి ప్రభువు పేరున డబ్బాలో వేస్తాం. నెలాఖరుకు డబ్బాలన్నీ గుడికి వస్తాయి. మామూలు నెలల్లో అది లేనివాళ్ల ఇళ్లకు వెళుతుంది. క్రిస్మస్ ముందు వచ్చినది విందుకు. వదిన భర్త ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో ఆ బియ్యం వాళ్లింటికీ వెళ్లింది. ఆ తర్వాత ఆవిడా ఒక డబ్బా పెట్టుకుంది. "మీ దేవుడికని కాదు వదినా. మీ బియ్యం తిన్నాను కదేటి, అందుకు" అంది. మా గుడికి వంటగది లేదు. మొదటిసారి ఎవరు అడిగారో గుర్తులేదు గానీ, ఆవిడ పెరట్లో పొయ్యి తవ్వుకున్నాం. అప్పటి నుంచి ప్రతి ఏడూ బియ్యం గేటు దాటి అటు వెళ్లడం, అన్నమై ఇటు రావడం. ఏడాదికి ఆ ఒక్కరోజు ఆవిడ పెరడు నిండా మనుషులు. నెల ముందే కట్టెలు ఎండబెట్టుకునేది. గేటు మూస్తే ఆ వంట పోతుంది. ఆవిడ గుడికి గానీ ఇటువైపున్న మా ఇంటికి గానీ రావాలంటే నాలా చుట్టూ తిరిగి, స్కూలు మైదానం దాటి, రోడ్డు మీదుగా రావాలి. ఆ మోకాళ్లతో అది అయ్యే పని కాదు.

ఇదంతా నాకు తెలుసు. అయినా పిల్లలు మంచం కింద ఏడ్చిన గది ముందు ఒక వంట ఎంత అనుకున్నాను.

నమూనా దాదాపు పూర్తయిన సాయంత్రం వదిన పాలకని పాత్ర పట్టుకుని వచ్చి బల్ల దగ్గర ఆగిపోయింది.

"ఓలమ్మా, ఇదేటే గుంటా? పెళ్లి మండపమా?"

"చర్చి, అత్తా. పురానా. వందల ఏళ్ల కిందటిది."

"గుడికింత గోడేటి? దేవుడు పారిపోతాడనా?"

మా అమ్మాయి పడీపడీ నవ్వింది. "దండు వచ్చేది అత్తా. దుష్మన్. గోపురం మీద గంట కొడితే ఊరంతా లోపలికి దూరి తలుపేసుకునేవారు."

"మరి తిండో?"

"ఇదిగో, చూడు." నా చెయ్యి తగలనివ్వని పిల్ల వదిన వేలు పట్టుకుని గోడ లోపలి వరుస గదుల మీద పెట్టింది. "ఇంటికో గది. గోడలోనే. ధాన్యం ఇక్కడ దాచుకునేవారు. పందిమాంసం ఈ బురుజులో వేలాడదీసేవారు. ఎవరి గది తాళం వాళ్లది. లోపల బావి కూడా ఉండేది."

"బాగున్నాది. మరి వంటెక్కడొండేవోరు?"

అమ్మాయి తన కాగితాలు అటూ ఇటూ తిప్పింది. "వో తో నహీ లిఖా, అత్తా."

"రాసినోడు మొగోడే అయ్యుంటాడు" అంది వదిన. తర్వాత కాస్త వంగి, ఆ గదుల్లోకి తొంగి చూస్తూ అడిగింది. "ఊరంతా అంతన్నావు. ఊరంతా అంటే అందరూనా? ఆళ్ల దేవుణ్ణి మొక్కనోళ్లు కూడానా?"

నేను స్టవ్ దగ్గర టీ వడగడుతున్నాను. మా ఆయన పేపరు చదువుతున్నారు. ఇద్దరం అమ్మాయి ఏమంటుందా అని చూశాం. దానికి ఇవేవీ పట్టలేదు, తనకు తెలిసింది తను చెప్పింది.

"ఆ గదులు సంఘంలో ఉన్న ఇళ్లవాళ్లకే అత్తా. బయట కొండల మీద గొర్రెలు కాసుకునే వాళ్లు వేరే ఉండేవారు. దండు వచ్చినప్పుడు వాళ్లు ఎక్కడికి వెళ్లేవారో నాకు ఎక్కడా దొరకలేదు."

"ఎక్కడికెల్తారు. గోడకి అవతల నిలబడుంతారు" అంది వదిన. మాటలో కోపం లేదు. గోడ తీర్మానం సంగతి సెక్టరంతటికీ తెలుసు, ఆవిడకూ తెలుసు. టీ తాగి, పాలపాత్ర అక్కడే మరిచిపోయి వెళ్లిపోయింది.

కాసేపటికి మా ఆయన పేపరు వెనక నుంచే అడిగారు. "ఇప్పుడక్కడ ఆరాధన జరుగుతుందా?"

"కొన్నిట్లో ఎప్పుడైనా, పప్పా. ఎక్కువ చోట్ల లేదు. గోడలు పడలేదు, జనమే వెళ్లిపోయారు. జర్మనీకి. ఎవరైనా చూడ్డానికి వెళితే తాళంచెవి పక్కింట్లో అడగాలి. ఆ పక్కింటివాళ్లు చాలాచోట్ల ఆ సంఘం వాళ్లు కూడా కారు. వాళ్లే తుడుస్తారు, వాళ్లే తలుపు తీస్తారు."

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. మా గుడిలోనూ వెనక బల్లలు ఖాళీ అవుతున్నాయి. రిటైరైనవాళ్లు విశాఖ వెళ్లిపోతున్నారు, పిల్లలు హైదరాబాదు వెళ్లిపోతున్నారు. ఆ లెక్క సెక్రటరీకంటే ఎక్కువ ఎవరికి తెలుస్తుంది?

గోడ పని డిసెంబరు మొదట్లో మొదలైంది. ఇసుక, ఇటుక వెనక నుంచి తెచ్చుకోవడానికి వీలుగా పక్క గేటు ఊడదీసి, ఆ సందు అలాగే ఉంచారు. అన్నీ అయ్యాక చివర్లో దాన్ని కట్టేస్తారు. విందు వంట ఈసారి ముందు ఆవరణలో షామియానా వేసి, సుపేలా బజారు నుంచి వంటమనిషిని పిలిపించి చేయిద్దామని కమిటీ అనుకుంది. వదినకు ఆ మాట చెప్పే పని స్త్రీల సమాజం నాకు అప్పగించింది.

వెళ్లేసరికి ఆవిడ పెరడంతా పేడతో అలికి ఉంది. పొయ్యిరాళ్లకు కొత్తగా మట్టి పూసి ఉంది. కట్టెలు గోడవారగా పేర్చి ఉన్నాయి. గుమ్మం ముందు ముగ్గులో నక్షత్రం వేసింది, మా గుడి మీద వేలాడే నక్షత్రంలాగే తోకతో సహా.

"వదినా" అన్నాను. ముగ్గు తొక్కకుండా గుమ్మం పక్కనే నిలబడిపోయాను.

"సెప్పక్కర్లేదులే. గోడ కనిపిస్తంది కదా" అంది. పైటచెంగుతో చేతులు తుడుచుకుని, తన బియ్యం డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇది మాత్రం అట్టుకెళ్లు. ఎవలొండితే ఏటి."

డబ్బా పట్టుకుని ఆ సందులోంచి గుడి ఆవరణలోకి వచ్చాను. యెరికో పట్టణంలో గోడ మీద కాపురమున్న ఆ పరాయి స్త్రీ కథ నేను పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను. దేవుని మనుషులు ఆమె ఇంట్లోనే దాక్కున్నారు. గోడలన్నీ కూలిన రోజున ఆమె ఇల్లు నిలిచింది. ఆ కథ గోడకు ఏ వైపున జరిగిందో నేను ఎన్నడూ ఆలోచించలేదు. గుడిలో మోకరించి ప్రార్థన చేద్దామనుకున్నాను. ప్రభువా అని మాత్రం అని, లేచి డబ్బాను మిగిలినవాటి పక్కన పెట్టేశాను.

విందు ఆదివారం ఆరాధన తర్వాత. పాటలు బాగా పాడారు, పాస్టరు అయ్యగారు బాగా చెప్పారు. బయట షామియానా, కుర్చీలు, ఎవరో తెచ్చిన స్పీకరు, అన్నీ బాగానే ఉన్నాయి. వంటమనిషి అన్నం గుండిగ మూత తీశాడు. ముఖం చిట్లించి నన్ను పిలిచాడు.

"దీదీ, యే కౌన్‌సా చావల్ హై?"

ఏ బియ్యమని చెప్పను? పిడికెడు బియ్యంలో ఎవరింటి బియ్యం వాళ్లది. ఒకరిది సన్నబియ్యం, ఒకరిది రేషను బియ్యం. ఒకరిది ఉప్పుడు బియ్యం, ఇంకొకరిది పాతబియ్యం. ఒకటి గంటె తగిలితే విరిగిపోయేంత మెత్తన, ఒకటి ఎంతసేపు ఉడికినా పలుకు. అన్నీ కలిపి ఒక్కసారే ఎసట్లో పోస్తే ఏమవుతుందో ఇన్నేళ్లలో మాలో ఎవరికీ తెలియదు, ఎందుకంటే మేమెప్పుడూ పోయలేదు. డబ్బాలు గేటు అవతలికి ఇచ్చి మేము కూరలు తరుగుతూ కూర్చునేవాళ్లం, అన్నం గుండిగ ఆవిడదే. ఆవిడ వాటిని వేటికవి ఉంచుకుని, ముందు ఉప్పుడు బియ్యం పోసి, అవి సగం ఉడికాక మిగిలినవి వరసగా పోసేదట. మేము మాత్రం ఈసారి డబ్బాలన్నీ ముందుగానే ఒక గోనెసంచిలో ఒంపి వంటమనిషికి అప్పగించాం. ఆ అన్నం సగం గంజిలా ఉంది, సగం పళ్ల కింద ఇసుకలా ఉంది.

కోయిర్ పిల్లలు మొహాలు చూసుకుని నవ్వారు. అయ్యగారు మాత్రం నిష్ఠగా కళ్లు మూసుకుని, ఈ ఆహారమును ఆశీర్వదించుము తండ్రీ అని, మామూలుకంటే కొంచెం ఎక్కువసేపే ప్రార్థించారు.

అందరూ విస్తళ్ల ముందు కూర్చున్నాక రోడ్డు వైపు గేటులోంచి వదిన వచ్చింది. సందు ఇంకా తెరిచే ఉన్నా అందులోంచి రాలేదు. కొత్తచీర కట్టుకుని, నాలా చుట్టూ తిరిగి, కర్ర పట్టుకుని, చెమటలు కక్కుతూ వచ్చింది. మా ఆయన లేచి తన కుర్చీ ఇచ్చారు. వదిన ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నమిలింది. కొంచెం ఎక్కువసేపే నమిలింది.

"ఏటన్నయ్యా" అంది గట్టిగా, అందరికీ వినబడేలా. "ఈ బియ్యానికి తగువొచ్చినట్టున్నాదేటి? ఒకటి ఒకదాని మొహం సూడ్డం లేదు."

అందరూ గొల్లుమన్నారు. అయ్యగారు దగ్గు వచ్చినట్టు రుమాలు అడ్డం పెట్టుకున్నారు. మా ఆయన నవ్వలేదు. విస్తరిలో ఉన్నదంతా తిన్నారు. తర్వాత, ఆవిడ సందు వైపు వెళ్లనంటే, ఇంటికి దిగబెట్టడానికి స్కూటరు తీశారు. పిలిస్తే వినబడేంత దూరంలో ఉన్న ఇంటికి, సెక్టరు చుట్టూ తిరిగి.

మర్నాడు పొద్దున్న మేస్త్రీ సందు కట్టడానికి సిమెంటు కలుపుతుంటే మా ఆయన వెళ్లి ఆపించారు. గుడి అరుగు మీద పడేసి ఉన్న పాత గేటు తీసుకున్నారు. దానికి పైన రేకు అతికి, గోడ ఎత్తుకు సరిపోయేలా కడ్డీలు పెంచారు. ఎవరి దగ్గరో వెల్డింగు మిషను అడిగి తెచ్చుకున్నారు. కమిటీలో ఒకరిద్దరు వచ్చి ఇదేంటి సెక్రటరీగారూ, తీర్మానం అలా లేదు కదా అన్నారు. "తీర్మానంలో గోడ ఉంది. గోడ ఉంటుంది. గేటు సంగతి వచ్చే మీటింగులో నన్ను అడగండి" అన్నారు ఆయన, కళ్లకు నల్లద్దాలు పెట్టుకుంటూ.

నేను గేటు పట్టుకుని నిలబడ్డాను. చాలా రోజుల తర్వాత ఆయన ఆ గది గురించి మాట్లాడారు.

"కుమ్హారిలో ఆ రోజు నేను గోడల కోసం వెతకలేదే. గోడలున్నాయి, నాలుగు వైపులా. వెనక తలుపు కోసం వెతికాను. ఎవరి పెరట్లోకైనా సరే, పిల్లల్ని అందించడానికి ఒక తలుపు. లేదు."

గడియ అతికే సమయం వచ్చింది. నేను లోపలి వైపు పట్టుకున్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, గడియ తీసుకుని అవతలి వైపుకు, వదిన పెరట్లోకి నడిచారు.

"ఏవండీ, కోటకి గడియ బయట పెడతారా ఎవరైనా?"

"లోపల ఉంటే ఎవడో ఒకడు భయపడి వేసేస్తాడు" అన్నారు. గడియను గేటుకు ఆనించి చూస్తూ, "నేనే వేసేస్తాను" అన్నారు.

"మరి మనకి అవసరమైతే?"

"తడతాం. తియ్యదా?"

వదిన మెట్టు మీద కూర్చుని ఇదంతా చూస్తోంది. పని అయ్యాక లేచి వచ్చి గడియ వేసి చూసింది, తీసి చూసింది. "గట్టిగానే ఉన్నాది" అని మాత్రం అంది. తర్వాత అరుగు కిందనుంచి ఎండుకట్టె ఒకటి లాగి, పొయ్యి రాజేసి, మా ఇద్దరికీ మేస్త్రీకీ టీ పెట్టింది. మా ఆయన ఆ రాళ్ల పొయ్యి పక్కన కూర్చుని రెండోసారి కూడా పోయించుకున్నారు.

గోడ ఇప్పుడు నా తలకంటే ఎత్తుంది. నాకు దాని మీద కోపం లేదు. దాని నీడలో చిన్నపిల్లల క్లాసు పెట్టుకుంటాం. మా అమ్మాయి నమూనా కాలేజీ నుంచి తిరిగొచ్చి ఫ్రిజ్ మీద ఉంది, ఒక బురుజు వంగిపోయింది. రాత్రిళ్లు మా ఆయన ఇంటి గడియ ఇప్పటికీ లేచి చూసుకుంటారు. అది పోలేదు. పోవాలని నేను ఇప్పటికీ ప్రార్థిస్తున్నాను.

కొత్త సంవత్సరం మొదటి నెలాఖరున, లేనివాళ్లకు పంచే ముందు బియ్యం రకాలు ఆవిడతో వేరు చేయించుకుందామని, డబ్బాలన్నీ ఎవరివి వాళ్లవిగా బుట్టలో పెట్టుకుని నేను ఆ గేటు దగ్గరికి వెళ్లాను. అటు నుంచి గడియ వేసి ఉంది. తట్టాను. కర్ర చప్పుడు మెల్లగా దగ్గరికొచ్చింది.

"ఎవలది? దండొచ్చిందేటి?"

"బియ్యం, వదినా" అన్నాను.

"అయితే ఉండు" అంది. లోపల, కాదు, బయట గడియ తీసిన చప్పుడు వినబడింది.